నేను వెనక్కి పంపిన లోడు తెచ్చినాయనే నాకు నచ్చాడు, ఇప్పుడు సంతకం ఎవరు పెట్టాలి?

చలిగది
అందరికీ నమస్కారం అండి. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

కాకినాడ దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో నాలుగేళ్ళుగా క్యూసీగా, అంటే సరుకు నాణ్యత చూసే పని చేస్తున్నాను. నాది ఆర్‌ఎమ్ (ముడిసరుకు) సెక్షన్, అంటే చెరువు దగ్గర్నుంచి లారీ గేటు లోపలికి రాగానే మొదట చూసేది నేనే. నాలుగు డిగ్రీల లోపు ఉందా, మట్టివాసన వస్తోందా, తల దగ్గర నల్లమచ్చ పడిందా, సాఫ్ట్ (మెత్తపెంకు రొయ్య) ఎంత, కౌంట్ ఎంత, ఇవన్నీ చూసి రిజిస్టర్‌లో రాసి సంతకం పెడితేనే సరుకు లోపలికి వెళ్తుంది, ఆ కౌంట్ మీదే రైతుకి డబ్బు కడతారు.

ఆయన పర్చేజ్‌లో సూపర్‌వైజర్. పోయిన ఏడాది జూలైలో చేరారు. మొదటి నెలలోనే మా ఇద్దరికీ మూడుసార్లు గొడవ. చెరువు గట్టు మీద ఆయన 50 కౌంట్ అని రాసుకొస్తారు, ఇక్కడ నేను తూస్తే 53 వస్తుంది. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా, 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, అంకె పెరిగితే రొయ్య చిన్నదని, రేటు తగ్గుతుంది. "మేడం, మీ కాటా తేడా" అంటారు ఆయన. కాటాకి స్టాంపింగ్ సర్టిఫికెట్ గోడ మీదే ఉంది, చూపించాను. మూడోసారి నేనే ఆలోచించి అడిగాను, "గట్టు మీద వల నుంచి తీసిన వెంటనే తూస్తున్నారా, నీళ్ళు ఓడ్చాక తూస్తున్నారా" అని. వెంటనే తూస్తున్నారట! నీళ్ళ బరువు కూడా కలిసిపోయి కిలోకి రొయ్యలు తక్కువ పట్టినట్టు కనిపిస్తాయి కదా. అయిదు నిమిషాలు బుట్టలో వడకట్టి తూయమన్నాను. మర్నాడు నుంచి అలాగే చేశారు, ఆ రోజు నుంచి మా ఇద్దరి అంకెలకీ తేడా ఒకటి దాటలేదు. చెప్పిన మాట విని మార్చుకునే మనిషిని నేను ఈ ఫీల్డ్‌లో చాలా తక్కువమందిని చూశానండి, అందుకే అది మనసులో ఉండిపోయింది.

ఇంకో సంగతి చెప్పాలి, లోపల అందరం తెల్ల కోటు, టోపీ, మాస్కు, గమ్ బూట్లలో ఉంటాం. దాదాపు మూడు నెలలు నేను ఆయన కళ్ళే చూశాను, ఆయన నా కళ్ళే చూశారు. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒక రోజు మాస్కు తీసి నిలబడితే నేను గుర్తుపట్టలేదు, గొంతు విని గుర్తుపట్టాను.

తర్వాత మొంథా తుపాను. 2025 అక్టోబర్ 28 రాత్రి తీరం దాటింది, గుర్తుంది కదా. దానికి ముందు రోజు రైతులందరూ ఒకేసారి రొయ్యల పట్టుబడులు పెట్టేశారు, గట్టు తెగితే మొత్తం పోతుందని. మా గేటు బయట లారీలు వరసగా నిలబడిపోయాయి. టైం కాని టైంలో రొయ్య పట్టేస్తే ఏమవుతుంది, సాఫ్ట్ ఎక్కువ. ఆయన లోడులో పావు వంతు దాకా మెత్తపెంకే. నేను లోడు మొత్తానికి రేటు తగ్గించమని రాయబోయాను, రూల్ అదే. ఆయన గొడవపడలేదు. "మేడం, రైతు ఇప్పటికే సగం పోగొట్టుకున్నాడు. సాఫ్ట్ ఒక్కొక్కటీ ఏరి పక్కన పెడతాను, గట్టివాటిని మాత్రం వేరుగా చూడండి" అన్నారు. చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచుకుని, షెడ్డులో ఆడవాళ్ళ పక్కన నిలబడి రాత్రి మూడింటి దాకా ఏరారు. ఐసు నీళ్ళలో వేళ్ళు తెల్లగా నానిపోయాయి. గట్టివి మళ్ళీ శాంపిల్ తీశాను, బాగున్నాయి, మంచి రేటే రాశాను.

మర్నాడు సెక్యూరిటీ తాత చెప్పాడు, ఆ రాత్రి వాళ్ళమ్మగారు ఉప్పాడ నుంచి పునరావాస కేంద్రానికి వెళ్ళారట, బీచ్ రోడ్డు మీదకి కెరటాలు వచ్చి ఈయన ఇంటికి వెళ్ళలేకపోయారట. మాకెవరికీ ఒక్క మాట చెప్పలేదు.

పోయిన వారం టీ కొట్టు దగ్గర అడిగారు. "లోడు గురించి కాదండీ, ఒక మాట అడగొచ్చా" అని మొదలుపెట్టి, పెళ్ళి గురించి అడిగారు. కొంచెం టైం కావాలన్నాను. నాకు ఇష్టమేనండి. దాచడం ఎందుకు, చాలా ఇష్టం. కానీ నేను సంతకం పెట్టే సరుకు ఆయనది. రేపు ఆయన లోడుకి మంచి రేటు రాస్తే "వాళ్ళాయన కదా" అంటారు, తక్కువ రాస్తే ఇంట్లో గొడవ. ఏం చేయాలి? ఇంట్లో సంగతి తర్వాత, ముందు ఇది తేల్చుకోవాలి.

గోదారి_పిన్ని
అమ్మాయ్, ఆ సాఫ్ట్ ఏరిన రాత్రి దగ్గరే నా మనసు కరిగిపోయింది. ముందు ఔనని చెప్పు, టీ చల్లారిపోతుంది.

సూటిగా_చెప్తా
పిన్ని గారూ తొందరపెట్టకండి. చలిగది గారూ, మీరు అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న, దాన్ని ఎవరూ పక్కకి నెట్టకూడదు. ఇందులో మీరిద్దరే కాదు, మీ సంతకం నమ్ముకుని డబ్బు తీసుకునే రైతులు వందల మంది ఉన్నారు. ఇంకో పర్చేజ్ సూపర్‌వైజర్ లోడుని మీరు న్యాయంగానే తగ్గించినా "తన వాడికైతే తగ్గించదు" అని ఒక్క మాట పుడితే చాలు, నాలుగేళ్ళ పేరు పోతుంది. కాబట్టి ఔను అనే ముందు మేనేజర్‌కి చెప్పాలి, ఆ తర్వాతే ఔను.

భీమిలి_గాలి
నేను దీనికి ఒప్పుకోను. మేనేజర్‌కి ముందు చెప్పడం ఏమిటండీ, ఆ అబ్బాయికి ఔనో కాదో తెలియకముందే ఆఫీసుకి తెలియాలా? మాది పోర్టు పనులు చేసే ఒక కంపెనీ, విశాఖలో. నేను అకౌంట్స్, మావారు స్టోర్స్. ఆయన ఇండెంట్లకి నేను బిల్లు పాస్ చేసేదాన్ని. మేం మొదట మాట్లాడుకున్నాం, భీమిలి బీచ్‌లో గోస్తని సముద్రంలో కలిసే చోట కూర్చుని మూడు గంటలు ఈ విషయమే మాట్లాడుకున్నాం, బిల్లుల గురించి! తర్వాత ఇద్దరం కలిసి వెళ్ళి చెప్పాం. కలిసి వెళ్ళి చెప్పడంలో ధైర్యం ఉంటుంది. ఒక్కదానివే వెళితే తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళినట్టు ఉంటుంది.

సూటిగా_చెప్తా
అది బాగుంది. కలిసి వెళ్ళడం నాకు తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

హెచ్చార్_హైదరాబాద్
నేను పదకొండేళ్ళుగా హెచ్చార్‌లో ఉన్నాను, ఫార్మాలో. ఒకచోట పనిచేసే ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడితే ఆపే చట్టం ఏదీ లేదు. కొన్ని కంపెనీలు తమ నిబంధనల్లో "తెలియజేయాలి" అని రాసుకుంటాయి, మీ అపాయింట్‌మెంట్ లెటర్ వెనక పేజీలు ఒకసారి చదవండి, చాలామంది చదవరు. ఒకరు ఇంకొకరికి బాస్ అయినా, ఒకరి పని ఇంకొకరు తనిఖీ చేసినా తప్పకుండా చెప్పాలి. మీది రెండోది. మాటతో కాకుండా నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి, తేదీ ఉంటుంది. రేపు ఎవరైనా ఏమన్నా ఆ తేదీయే మీకు అండ.

ఇంకో విషయం, ఇది చదివే అబ్బాయిల కోసం కూడా. ఆయన అడిగారు, ఈమె టైం అడిగారు, ఆయన ఆగారు. అలాగే ఉండాలి. కాదన్నాక మళ్ళీ మళ్ళీ వెంటపడితే అది పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం కిందకి వస్తుంది, పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా దానికి ఒక కమిటీ ఉండాలి.

చలిగది
ఆయన ఆగారండి. వారం నుంచి లోడు వచ్చినప్పుడు "గుడ్ మార్నింగ్ మేడం" తప్ప ఒక్క మాట లేదు. నాకే దిగులుగా ఉంది ఆ మౌనం చూస్తే.

సాయంత్రం_షిఫ్ట్
అక్కా, నేనూ రొయ్యల ప్లాంటే, పీలింగ్ సూపర్‌వైజర్‌ని. మీకు తెలియదనుకుంటున్నారేమో గానీ షెడ్డులో ఆడవాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. చేతులు పనిలో ఉంటాయి గానీ కళ్ళు గేటు మీదే ఉంటాయి మాకు. మా దగ్గర ఒక జంట సంగతి వాళ్ళకన్నా ముందు మాకు తెలిసింది!

చలిగది
నిజమే చెల్లెమ్మా. నిన్న ఒకామె రొయ్య తల తీస్తూ "అమ్మగోరూ, ఉప్పాడ లారీ వచ్చింది, టోపీ సర్దుకోండి" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వూ వచ్చింది, టెన్షనూ వచ్చింది. నేను ఇక్కడ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

నెల్లూరు_క్యూసీ
అమ్మా, ఆలస్యంగా చూశాను. నేను రిటైరయ్యాను. టైగర్ రొయ్య రోజుల నుంచీ ఉన్నాను, 2009 తర్వాత వనామీ రకం రొయ్య రావడం, చెరువులూ ప్లాంట్లూ పెరగడం కళ్ళారా చూశాను. నీ సమస్యకి మా పనిలోనే మందు ఉంది, చెబుతాను విను.

కౌంట్ చూసేవాడికి లోడు ఎవరిదో తెలియకూడదు. అంతే. గేటు దగ్గర లోడుకి ఒక నంబరు ఇస్తారు. శాంపిల్ ట్రే మీద ఆ నంబరు తప్ప రైతు పేరు, ఊరు, తెచ్చిన సూపర్‌వైజర్ పేరు ఏదీ ఉండకూడదు. మూడు చోట్ల నుంచి కిలో చొప్పున తీసి, లెక్కపెట్టి, రాసి, సంతకం పెట్టాక అప్పుడు కాగితాలు కలపాలి. లారీ దించేటప్పుడు నువ్వు అక్కడ ఉండకూడదు, శాంపిల్ నీ బల్ల దగ్గరికి రావాలి. ఇది నీ ఒక్కదాని కోసం అడగకు. అందరికీ పెట్టమని అడుగు. పర్చేజ్ వాళ్ళు క్యూసీ పక్కన నిలబడి "కొంచెం చూడండి సార్" అనడం నా ఉద్యోగమంతా భరించాను, ఆ రోగం కూడా దీనితో పోతుంది.

సూటిగా_చెప్తా
ఇది చాలా మంచి మాట. కానీ ఒక సందేహం. సాఫ్ట్ ఎక్కువ వచ్చి లోడు వెనక్కి పంపాలా వద్దా అన్న నిర్ణయం నంబరు చూసి అయిపోదు కదా, అక్కడ మాటలు, బతిమాలడాలు ఉంటాయి.

నెల్లూరు_క్యూసీ
అవును బాబూ. అందుకే తిరస్కరించే ప్రతి లోడుకీ రెండో సంతకం. ఈ అమ్మాయి రాసిందాన్ని ఇంకో క్యూసీ మళ్ళీ శాంపిల్ తీసి ఒప్పుకోవాలి. దానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఐసు సరిగ్గా ఉంటే ఇరవై నిమిషాల్లో సరుకు ఏమీ కాదు.

దోహా_నుంచి
మేనేజర్ ఇంత ఆలోచిస్తాడా అండి? చాలా చోట్ల చేసేది ఒకటే, అమ్మాయిని ప్యాకింగ్‌కి మార్చేస్తారు. సమస్య తీరిపోయిందంటారు.

భీమిలి_గాలి
నాకు కోపం వచ్చేది ఇక్కడే. నాలుగేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని ఈమె ఎందుకు వదలాలి? వాసన చూసి చెరువు మట్టి ఎలాంటిదో చెప్పగలిగే మనిషిని తీసుకెళ్ళి అట్టపెట్టెలు లెక్కపెట్టమంటారా? మార్చాలంటే ఆయన్ని వేరే రూటుకి మార్చండి. చలిగది గారూ, ఆ గదిలోకి వెళ్ళినప్పుడు "నన్ను ఎక్కడికైనా మార్చండి" అని మాత్రం మర్యాదకి కూడా అనకండి. మనం మర్యాదకి అన్నది వాళ్ళు నిజంగా తీసుకుంటారు.

గోదారి_పిన్ని
అందరూ సంతకాల గురించే మాట్లాడుతున్నారు, ఇంకా ఔను అనలేదు ఆ పిల్ల!

చలిగది
పిన్నీ, ఔను అన్నానండి.

నిన్న ఆదివారం కోరంగి వెళ్ళాం. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ నెల్లూరు క్యూసీ గారు చెప్పిన నంబరు పద్ధతి మొత్తం ఆయనకి చెప్పాను. ఔను అనడానికి వెళ్ళి శాంపిల్ ట్రేల గురించి అరగంట మాట్లాడాను. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. చివర్లో "అంటే ఔననే కదండీ" అన్నారు. ఔనన్నాను. వెంటనే ఆయన చెప్పిన మొదటి మాట, "రూటు మార్చాల్సి వస్తే నేను మారతాను, మీరు ఆ బల్ల వదలొద్దు. మీరు లేకపోతే నా కౌంట్ ఇంకా తప్పుగానే ఉండేది." భీమిలి గాలి గారూ, నేను మీ మాట ఆయనకి చెప్పలేదండి, ఆయనే అన్నారు.

ఇంకా ఒకరినొకరం మేడం, సార్ అనే పిలుచుకుంటున్నాం, నోరు తిరగడం లేదు. వంతెన దిగేటప్పుడు "మేడం, చూసుకుని దిగండి" అన్నారు, పక్కన వెళ్తున్న వాళ్ళు మా వైపు వింతగా చూశారు.

సాయంత్రం_షిఫ్ట్
అక్కా!!! నేను ఇక్కడ బస్సులో గట్టిగా అరిచేశాను.

రేవు_బాబాయ్
అమ్మాయ్, మాది కాకినాడే, కుంభాభిషేకం రేవు. బోటు ఉంది. పేరు అడగను గానీ ఉప్పాడ కుర్రాడంటున్నావు, అమ్మ పునరావాస కేంద్రానికి వెళ్ళారంటే సముద్రం ఒడ్డు పేటే అయ్యుండాలి. వేట చేసే ఇంట్లోంచి చదువుకుని పైకి వచ్చిన పిల్లాడన్నమాట. మీ ఇల్లు ఎక్కడ?

చలిగది
బాబాయ్ గారూ, మీరు సరిగ్గా పట్టుకున్నారు. వాళ్ళ నాన్నగారు, అన్నయ్య వేటకే వెళ్తారు. మాది కొత్తపల్లి వైపు, మగ్గం ఇల్లు. జాందానీ. వాళ్ళ పేటకీ మా వీధికీ దూరం సైకిల్ మీద పావుగంట కూడా ఉండదు. చిన్నప్పుడు ఒకే బీచ్‌లో ఆడుకుని ఉంటాం, ఒకే తీర్థంలో జీళ్ళు కొనుక్కుని ఉంటాం, కానీ కలిసింది మాత్రం చలిగదిలో.

ఇంట్లో ఎలా చెప్పాలన్నదే ఇప్పుడు. వేట వాళ్ళ ఇంటికి పిల్లనివ్వడం మా వీధిలో ఇంతవరకూ లేదు. మాటలు వస్తాయి.

దోహా_నుంచి
ఇంట్లో ఒప్పుకోకపోతే రిజిస్టర్ పెళ్ళికి ముప్పై రోజుల నోటీసు పెట్టాలి కదా, ఆ లోపు అందరికీ తెలిసిపోతుంది. జాగ్రత్త.

హెచ్చార్_హైదరాబాద్
చిన్న సవరణ అండి. ముప్పై రోజుల నోటీసు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టానికి. ఇద్దరూ హిందువులైతే కులం వేరైనా 1955 హిందూ వివాహ చట్టం కింద మామూలుగా పెళ్ళి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు, ముందు నోటీసు అక్కర్లేదు. కానీ ఈ కథ అక్కడిదాకా వెళ్తుందని నాకనిపించడం లేదు, ముందు ఇంట్లో మాట్లాడండి.

రేవు_బాబాయ్
తల్లీ, మా ఇళ్ళ గురించి ఒకటి చెబుతాను, నువ్వు మీ ఇంట్లో చెప్పడానికి పనికొస్తుంది. వేట అంటే మీ వాళ్ళకి భయం ఉంటుంది, సముద్రం మీద బతుకు ఎప్పుడేమవుతుందోనని. ఆ భయం తప్పు కాదు, మా ఆడవాళ్ళకీ ఉంటుంది. కానీ ఈ పిల్లాడు సముద్రం మీదకి వెళ్ళడం లేదు, నెల జీతం మీద ఉన్నాడు. అది మొదట చెప్పు. రెండోది, మా ఇళ్ళలో డబ్బు ఆడదాని చేతిలో ఉంటుంది. మగాడు చేప తెస్తాడు, రేవులో వేలం దగ్గర నుంచి అమ్మకం దాకా ఆడవాళ్ళే. కోడలు ఉద్యోగం చేస్తానంటే ఎందుకని ఎవరూ అడగరు.

గోదారి_పిన్ని
ఎంత బాగా చెప్పారండీ. మీ నాన్నగారికి ఎవరు చెప్తున్నారమ్మా, నువ్వేనా? అమ్మతో మొదలుపెట్టు. వంట చేసేటప్పుడు కాదు, మగ్గం దగ్గర ఇద్దరూ కూర్చున్నప్పుడు చెప్పు, అప్పుడు లేచి వెళ్ళలేరు.

చలిగది
పన్నెండు రోజులైంది, చెప్పాల్సినవి చాలా ఉన్నాయండి.

ముందు ప్లాంటు. ఇద్దరం కలిసే వెళ్ళాం, ముందు రోజు రాత్రి మెయిల్ కూడా పెట్టాం. మేనేజర్ గారు మెయిల్ చదివి ఉన్నారు. మొదటి మాట, దోహా గారు అన్నట్టే, "నువ్వు ప్యాకింగ్‌కి వెళ్తావామ్మా" అన్నారు. నేను మర్యాదకి కూడా సరే అనలేదు. నంబరు పద్ధతి, రెండో సంతకం, రెండూ ఒక కాగితం మీద రాసుకెళ్ళాను, అది బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చదివారు. 2025 ఆగస్టు చివర్లో అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళినప్పటి నుంచీ ఆర్డర్ల విషయంలో అందరికీ ఒత్తిడి ఉంది, సరుకు వెనక్కి వస్తే తట్టుకునే పరిస్థితి లేదు, ఆ మాట ఆయనే అన్నారు. "పెళ్ళి సంగతి ఎలా ఉన్నా ఇది ముందే చేసి ఉండాల్సింది" అని నెల రోజులు చూద్దామన్నారు. ఇప్పుడు అందరి లోడులూ నంబరుతోనే వస్తాయి, వెనక్కి పంపే ప్రతిదానికీ రెండో క్యూసీ సంతకం ఉంటుంది. నేను నా బల్ల దగ్గరే ఉన్నాను.

మొదటి వారం కష్టంగానే గడిచింది. ఏ ట్రే ఆయనదో అని మనసు వెతుకుతుంది. అమావాస్య దగ్గరపడి అన్ని లోడుల్లోనూ సాఫ్ట్ ఎక్కువ వస్తోంది, ఆ రోజుల్లో రొయ్య పెంకు విడుస్తుంది కదా. ఏడో నంబరు ట్రేలో సాఫ్ట్ హద్దు దాటింది, రాశాను, రెండో అమ్మాయి చూసింది, తనకీ అంతే వచ్చింది. సాయంత్రం కాగితాలు కలిపితే అది ఆయనదే! టీ కొట్టు దగ్గర ఆయన ఏమీ అడగలేదు. నేనే "ఏడో నంబరు..." అన్నాను. "ఆ రైతుని నాలుగు రోజులు ఆగమన్నానండీ, వినలేదు. ఈసారి మీ రిజిస్టర్ కాగితం ఫొటో చూపిస్తాను" అన్నారు. నాకు ఇంటి నుంచి తెచ్చిన రొయ్యల వేపుడు డబ్బా ఇచ్చారు, వాళ్ళమ్మగారు పంపారట. రోజంతా రొయ్యలు చూసే మనిషికి రొయ్యలు పంపారు, నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

నెల్లూరు_క్యూసీ
ఏడో నంబరు సంగతి చదివి నా కళ్ళు చెమర్చాయమ్మా. మీ మేనేజర్‌కి నా నమస్కారం చెప్పు.

సూటిగా_చెప్తా
ఇక నాకేమీ సందేహం లేదు. ఇంట్లో సంగతి చెప్పండి త్వరగా.

చలిగది
పిన్ని చెప్పినట్టే మగ్గం దగ్గర చెప్పాను. జాందానీ మగ్గానికి ఇద్దరు కావాలి, పక్కపక్కన కూర్చుని ఒక్కో బుటా చేత్తో వేయాలి, రెండు వైపులా ఒకేలా ఉండాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా అమ్మానాన్న ఆ బల్ల మీదే పక్కపక్కన ఉన్నారు. మొత్తం చెప్పాను, కౌంట్ గొడవ, తుపాను రాత్రి, నంబరు పద్ధతి, అన్నీ. వేట ఇల్లని చెప్పగానే నాన్న చేతిలో పోగు ఆగింది. అమ్మ ఆపలేదు, తన వైపు వేసుకుంటూనే "ఒకచోట పనిచేసేవాళ్ళు కష్టం తెలిసి చేసుకుంటారు, మనం లేమా" అంది. నాన్న ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. రెండో రోజూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే సైకిల్ తీసుకుని ఎక్కడికో వెళ్ళారు, పదింటికి వచ్చారు, చెప్పులకి ఇసుక. "వాళ్ళ ఇంటి ముందు సముద్రం చాలా దగ్గరికి వచ్చేసింది. గోడ కట్టిస్తున్నారంట. పిల్లాడి తండ్రి టీ ఇచ్చాడు. మర్యాదస్తులు" అన్నారు. అంతే అన్నారు. అమ్మ నా వైపు చూసి తల ఊపింది.

వీధిలో ఇద్దరు ముగ్గురు మాటలన్నారు, అంటారు కూడా. నాన్న ఒకాయనతో "నేను వెళ్ళి చూసొచ్చాను, నువ్వు చూడలేదు" అనడం నేను విన్నాను.

గోదారి_పిన్ని
సైకిల్ మీద వెళ్ళి చూసొచ్చారా! ఆయనకి నా దండం.

సాయంత్రం_షిఫ్ట్
పెళ్ళి ఎప్పుడు అక్కా? షెడ్డులో వాళ్ళందరినీ పిలుస్తున్నావా?

చలిగది
వాళ్ళందరినీ పిలవకపోతే లోపలికి రానివ్వరు చెల్లెమ్మా. తేదీ మేలో చూస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, అప్పుడైతే వాళ్ళ అన్నయ్య, బాబాయిలు, అందరూ ఒడ్డునే ఉంటారని వాళ్ళమ్మగారు అన్నారు.

రేవు_బాబాయ్
అదే మంచి టైం తల్లీ. మా పేటలో పెళ్ళిళ్ళు సగం ఆ రెండు నెలల్లోనే. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, మగాళ్ళందరూ ఖాళీగా ఉంటారు, పందిళ్ళు వేయడానికి మనుషుల కొరత ఉండదు.

భీమిలి_గాలి
పెళ్ళి చీర ఇంట్లోనే కదా?

చలిగది
ఇంట్లోనేనండి. నిన్న నూలు, పట్టు తెచ్చారు. వాళ్ళమ్మగారు ఒక్క కోరిక కోరారు, అంచులో చిన్న చేపలు ఉండాలని. మా నాన్న ఇన్నేళ్ళలో మామిడి పిందెలు, హంసలు, పూలు వేశారు గానీ చేప వేయలేదట. గ్రాఫ్ కాగితం ముందు పెట్టుకుని రాత్రి నుంచి గీస్తున్నారు, ఏ చేపో తేలడం లేదు. పొద్దున నన్ను అడిగారు, నాకు రొయ్యలు తప్ప ఏమీ తెలియవన్నాను. బాబాయ్ గారూ, మీరు చెప్పాలి.

రేవు_బాబాయ్
చందువా వేయించు తల్లీ. గుండ్రంగా ఉంటుంది, బుటాలో ఒదుగుతుంది, రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. తోక మాత్రం కొంచెం పొడుగ్గా గీయమను మీ నాన్నగారిని. రేపు పొద్దున ఆరింటికి రేవుకి పంపిస్తే నిజం చేపే చూపిస్తాను, చూసి గీసుకుంటారు.